పొంగి కూలిన కేకులు, అడుగంటిన కుక్కర్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల చివర్లో "ఈసారి కేకుల గురించి అడగండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఇన్ని ఉత్తరాలు, ఇన్ని ఫోటోలు వస్తాయనుకోలేదు. ఫోటోల్లో సగం మధ్యలో గుంట పడినవి, పావు భాగం పైన మాడి లోపల పిండి కారుతున్నవి. మిగతావి ఏమిటో నాకే అర్థం కాలేదు. నవ్వుతున్నానని అనుకోకండి. మా మొదటి కాపురం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో, అక్కడ నేను చేసిన మొదటి కేకును కత్తి దిగక కొబ్బరికాయ కొట్టే కత్తితో రెండు చేయాల్సి వచ్చింది. మా అత్తగారు ఆ ముక్కను పాలల్లో నానబెట్టి, "పారేయడం ఎందుకు, రస్కు అనుకుందాంలే" అని తినేసింది పాపం. ఆమె ఇప్పటికీ నా కేకును రస్కనే పిలుస్తుంది.

ఉత్తరాలన్నీ చదివాక తేలిందేమిటంటే, చాలామంది తప్పు సరుకులో లేదు, కొలతలోనూ మంటలోనూ ఉంది. అందుకే ఈసారి ఎవరు ఏ కంపెనీ ఎసెన్స్ మంచిదని అడిగినా జవాబు రాయలేదు, ఏమీ అనుకోవద్దు.

అక్కా, ఓవెన్‌లో చూస్తున్నంతసేపు కేకు బ్రహ్మాండంగా పొంగుతుంది. తీసి బయట పెట్టేసరికి మధ్యలో గుంట. ఒక గ్లాసు మైదా, గ్లాసు చక్కెర, రెండు గుడ్లు, అర గ్లాసు నూనె, ఒక స్పూను బేకింగ్ పౌడర్ వేస్తాను. ఇంకా బాగా పొంగాలని అర స్పూను సోడా కూడా వేస్తాను. ఎక్కడ తప్పు? – ఓ పాఠకురాలు, కావలి

"ఇంకా బాగా పొంగాలని" అన్నావు చూడు, అక్కడే పట్టుబడ్డావు చెల్లీ.

పొంగడమంటే పిండిలో గాలి బుడగలు పెద్దవవడం. ఆ బుడగ చుట్టూ ఉన్న మైదా, గుడ్డు వేడికి గట్టిపడి గోడలాగా నిలబడాలి. పౌడరు, సోడా ఎక్కువైతే గోడ ఆరకముందే బుడగలు పెద్దవై పగిలిపోతాయి, పైకప్పు కూలుతుంది. నువ్వు చూసిన ఆ బ్రహ్మాండం కూలబోయే ముందరిదన్నమాట. 125 గ్రాముల మైదాకు ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, మహా అయితే ఇంకో పావు. టీస్పూనంటే 5 మి.లీ. పట్టే కొలత చెంచా, గీసి సమంగా తీసుకోవాలి, కుప్పగా కాదు. నువ్వు చెప్పిన సరుకులో పెరుగు లేదు, నిమ్మరసం లేదు, పులుపన్నదే లేదు కాబట్టి సోడాకు అక్కడ పనే లేదు. పని లేని సోడా సబ్బు రుచి, పసుపు రంగు మిగిల్చి పోతుంది.

ఇక ఆ గ్లాసు సంగతి. మా ఇంట్లో గ్లాసులన్నీ వరసగా పెట్టి నీళ్లు పోసి కొలిచాను ఒకరోజు. కాఫీ గ్లాసు 150 మి.లీ., మజ్జిగ గ్లాసు 220, నీళ్ల గ్లాసు 300 దాటింది. మీరు వీడియోల్లో చూసే 'కప్పు' 240 మి.లీ.ది. పోనీ అన్నిటికీ ఒకటే గ్లాసు వాడుతున్నాను కదా, పాళ్లు సరిపోతాయి కదా అంటావేమో, గుడ్లు మాత్రం గ్లాసుతో కొలవలేదు కదా నువ్వు! నీళ్ల గ్లాసుతో పోస్తే రెండు గుడ్లు చాలవు, కాఫీ గ్లాసుతో పోస్తే రెండు గుడ్లు ఎక్కువ. పైగా అదే కప్పులో మైదాను స్పూనుతో వదులుగా నింపితే 120 గ్రాములు పడుతుంది, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వస్తుంది. పులుసులో ఉప్పు చేత్తో వేసి సరిగ్గా కుదిరించే మనిషివే అయివుంటావు, పులుసును మధ్యలో రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. కేకును ఓవెన్‌లో పెట్టాక సరిదిద్దేందుకు దారి లేదు. కొన్ని వందల రూపాయలకే చిన్న డిజిటల్ కాటా వస్తుంది. కొత్త బీటరు, కొత్త టిన్నుల కంటే ముందు అది కొను.

నా నోటికొచ్చిన కొలత ఇది, రాసుకో: 2 గుడ్లు, 120 గ్రాముల చక్కెర పొడి, 80 మి.లీ. వాసన లేని నూనె, 80 మి.లీ. పాలు, 130 గ్రాముల మైదా, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, టీస్పూను వెనిలా. గుడ్లు, చక్కెర కలిపి తెల్లగా, చిక్కగా నురగ వచ్చేదాకా కొట్టు. బీటరుతో 5 నిమిషాలు, చేత్తో అయితే చెయ్యి లాగేస్తుంది, ఇంట్లో ఎవరైనా ఖాళీగా ఉంటే అప్పగించు. నూనె, పాలు సన్నగా పోస్తూ కలిపి, జల్లించిన మైదా, పౌడరు రెండు విడతలుగా వేసి, గరిటెను అడుగు నుంచి పైకి తెచ్చి మడతేసినట్టు కలపాలి. పొడి పిండి కనిపించకపోతే చాలు, ఆపేయ్. నున్నగా రావాలని ఇంకా తిప్పావంటే మైదాలో జిగురు సాగి కేకు రొట్టెలా బిగుసుకుంటుంది. 6 అంగుళాల గుండ్రటి టిన్నులో పోసి, ముందుగా వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. మొదటి 25 నిమిషాలు తలుపు తియ్యొద్దు, చల్లగాలి తగిలినా అదే గుంట పడుతుంది. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, వేలితో మెల్లగా నొక్కితే తిరిగి పైకి లేవాలి, అంచులు టిన్ను గోడ వదలాలి. ఈ మూడూ చూసి తియ్యి, గడియారం ఒక్కటే చూసి కాదు.

మేడమ్, నేను ఒంగోల్లో రూమ్‌లో ఉంటాను. ఓవెన్ లేదు. స్నేహితుడి పుట్టినరోజుకు కుక్కర్లో కేకు చేస్తే అడుగు బొగ్గు, పైన తెల్లగా జిగురు జిగురు. కుక్కర్లో అసలు అవుతుందా? – ఓ విద్యార్థి, ఒంగోలు

అవుతుంది తమ్ముడూ. నేను మొదటి మూడేళ్లు కుక్కర్లోనే చేశాను. మేడమ్ వద్దు, అక్కా అను చాలు.

ముందు విషయం అర్థం చేసుకో. మీ నాయనమ్మనో అమ్మమ్మనో దిబ్బరొట్టె ఎట్టా కాల్చేదో అడుగు. కింద సన్నటి సెగ, పైన మూకుడు మూసి దాని మీద నిప్పులు. రొట్టె రెండు వైపుల నుంచీ కాలేది. ఓవెన్ చేసేదీ అదే, పైనొక రాడ్డు, కిందొక రాడ్డు. కుక్కర్లో పైన నిప్పుల్లేవు, కింది మంట ఒక్కటే. అందుకే మంట ఎంత తగ్గిస్తే అంత మంచిది, కింది వేడి గిన్నెకు నేరుగా తగలకుండా చూసుకోవడమే అసలు పని.

కుక్కర్లో అడుగున రెండు వేళ్ల మందం ఉప్పుగానీ, కడిగి ఎండబెట్టి జల్లించిన ఇసుకగానీ పొయ్యి. మీ వైపు సముద్రపు ఇసుక తెచ్చుకునేవు సుమా, కాలవ ఇసుకైతే మేలు. దాని మీద స్టాండు, స్టాండు మీద గిన్నె. మూతకున్న రబ్బరు తీసెయ్, విజిల్ తీసెయ్. ఈ రెండూ మర్చిపోతే కేకు సంగతి తర్వాత, ప్రమాదం. నీళ్లు పోయకూడదు. మధ్యస్థంగా మంట పెట్టి 10 నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, కేకు గిన్నె దించి, మంట పూర్తిగా సన్నం చేసెయ్. 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. అరగంట దాటాక గానీ మూత తియ్యకు. గిన్నె కుక్కర్ గోడకు తగలకూడదు, చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి, వేడి గాలి తిరిగేది అక్కడే.

పైన తెల్లగానే ఉంటుంది, దానికి బాధపడొద్దు. పుల్ల పొడిగా వస్తే కాలినట్టే. గిన్నె తలకిందులు చేసి అడుగు భాగం పైకి పెడితే అందమైన గోధుమ రంగే కనిపిస్తుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. జిగురు జిగురుగా ఉందన్నావు చూడు, అది మూత నుంచి ఆవిరి చుక్కలు రాలి అయివుంటుంది, లేదా నువ్వు పెద్ద గిన్నెకు సరిపడా పిండిని చిన్న గిన్నెలో పోసివుంటావు. గిన్నె సగం, మహా అయితే సగం మీద కొంచెం, అంతకంటే నింపకూడదు.

ఒక్క మాట. రోజూ అన్నం వండే కుక్కర్ను దీనికి వాడకు. నీళ్లు లేకుండా గంటసేపు మంట మీద ఉంటే అడుగు వంకర తిరుగుతుంది, నాది తిరిగింది. ఆ తర్వాత పొయ్యి మీద అది కూర్చోక ఊగుతూ ఉండేది, మా ఆయన దాన్ని ఉయ్యాల అనేవాడు. పాత కుక్కర్ ఉంటే సరే, లేకపోతే మందమైన అడుగున్న దబరా, దాని మీద సరిగ్గా కూర్చునే మూత, అది చాలు.

మా ఇంట్లో కేకు చేస్తే "నీచు వాసన" అని మా మామగారు ముక్కు మూసుకుంటారు. బేకరీ కేకులో గుడ్డు ఉన్నా రాదు కదా? – ఓ గృహిణి, బుచ్చిరెడ్డిపాళెం

మొదట గుడ్డు తాజాదేనా చూడండి. గిన్నెడు నీళ్లలో వేస్తే అడుగున అడ్డంగా పడుకోవాలి, నిటారుగా నిలబడితే పాతది, తేలితే పారేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కొట్టకండి, చల్లటి గుడ్డు సరిగ్గా నురగ కట్టదు. అరగంట బయట పెట్టండి. సరిగ్గా కొట్టకపోతే గుడ్డు అక్కడక్కడా విడిగా ఉడికి, తినేటప్పుడు ఆమ్లెట్ వాసనే కొడుతుంది. వెనిలా పిండిలో చివర్న కాకుండా గుడ్లు కొట్టేటప్పుడే వేయండి. కేకు వేడిగా ఉన్నప్పుడు నీచు బాగా తెలుస్తుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే మీ మామగారి ముందు పెట్టండి, మర్నాడు పెడితే ఇంకా మంచిది.

అన్నిటికంటే పనిచేసేది నిమ్మతొక్క. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ మీకు ఎంత దూరం! పలచటి తొక్కున్న పసుపు కాయ రెండు తెచ్చి, కడిగి తుడిచి, సన్నటి తురుముపీట మీద పైపైన పసుపు పొర మాత్రమే తురమండి. కింది తెల్లటిది వచ్చిందంటే చేదు. ఆ తురుమును చక్కెరలో వేసి చేత్తో నలపండి. చక్కెర తడిసి వాసన వస్తుంది, అప్పుడు గుడ్లు కలపండి. వంటిల్లు వంటిల్లంతా నిమ్మ వాసనే ఉంటుంది, మామగారు ఇంక దేనికి ముక్కు మూసుకుంటారో చూద్దాం.

సోడా, బేకింగ్ పౌడర్ ఒకటేనా? ఒకటి లేకపోతే ఇంకొకటి వేయొచ్చా? – పొదిలి

ఒకటి కాదు. తినే సోడా ఒట్టి క్షారం, పులుపు తగిలితేనే సరిగ్గా గ్యాస్ వదులుతుంది. బేకింగ్ పౌడర్లో సోడాతో పాటు పులుపునిచ్చే పొడి, తేమ పీల్చేందుకు మొక్కజొన్న పిండి కలిపే ఉంటాయి, కాబట్టి తడి తగిలితే కొంత, వేడి తగిలితే కొంత తనంతట తానే పొంగుతుంది. సోడా దానికంటే మూడు నాలుగు రెట్లు గట్టిది. టీస్పూను పౌడరు బదులు పావు టీస్పూను సోడా, దాంతోపాటు అర టీస్పూను నిమ్మరసమో వెనిగరో వేసి సర్దుకోవచ్చు. తిరగేసి, సోడా బదులు పౌడరు వేయాలంటే మాత్రం లెక్క కుదరదు, వద్దు.

డబ్బా తెరిచి ఎన్నాళ్లయిందో చూసుకోండి. మన కోస్తా తేమకు మూత సరిగ్గా పెట్టని పౌడరు కొన్ని నెలలకే చచ్చిపోతుంది. అర టీస్పూను పౌడర్ మీద వేడి నీళ్లు పోస్తే బుసబుసా పొంగాలి. సోడా మీద నిమ్మరసం పిండితే పొంగాలి. మూలిగితే పారేసి కొత్తది తెచ్చుకోండి.

కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం. 180 దగ్గర పెడితే పైన కొండలా లేచి పగిలి మాడిపోతుంది, పుల్ల గుచ్చితే లోపల పచ్చి. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే "వాడకం తెలియాలి మేడమ్" అంటున్నారు. – మాగుంట లేఅవుట్, నెల్లూరు

వాడకం తెలియాలి నిజమే గానీ, చెప్పాల్సింది వాళ్లే కదా. సరే, నేను చెప్తాను.

ఓవెన్ మీది 180 అన్న అంకెను నమ్మకండి. చిన్న ఓటీజీల్లో ఆ గుండీ 180 చూపిస్తుంటే లోపల 160 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. మీది రెండో రకంలా ఉంది. ఓవెన్ లోపల వేలాడదీసే థర్మామీటరు దొరుకుతుంది, అది పెట్టి ఒక అరగంట ఖాళీగా నడిపి, గుండీ ఎక్కడుంటే లోపల ఎంత వస్తుందో కాగితం మీద రాసి ఓవెన్‌కే అంటించండి. నా ఓవెన్ మీద ఇప్పటికీ "165 = 180" అని పసుపు కాగితం ఉంటుంది, చుట్టాలొస్తే ఇదేం లెక్క అని అడుగుతారు.

పైన కొండలా లేవడం ఎందుకంటే, వేడి ఎక్కువై అంచులు, పైభాగం ముందే గట్టిపడిపోతాయి, మధ్యలో పిండి అప్పుడు ఉడకడం మొదలెట్టి పైకి తోసుకొస్తుంది, దారి లేక పగులుతుంది. గిన్నె మధ్య అరలో పెట్టండి, పై రాడ్డుకు దూరంగా. టిన్ను నల్లదైతే వేడి ఎక్కువ లాగుతుంది, 10 డిగ్రీలు తగ్గించండి. ఫ్యాను తిరిగే సెట్టింగ్ పెడితే 20 తగ్గించండి. పాత నూలు చీర అంచు చింపి, నీళ్లలో ముంచి గట్టిగా పిండి, టిన్ను చుట్టూ బయటి వైపు చుట్టి గుండుసూదితో బిగించండి. తడి గుడ్డ వల్ల అంచులు తొందరపడవు, కేకు బల్లపరుపుగా వస్తుంది. గుడ్డ రాడ్డుకు తగలకుండా చూసుకోవాలి, సింథటిక్ గుడ్డ అసలు వద్దు. 20 నిమిషాలకే రంగు వచ్చేస్తుంటే 25 దాటాక పైన అల్యూమినియం రేకు కప్పండి.

ఇంకోటి, ఓటీజీని మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టకండి. 1500 వాట్లకు అటూ ఇటూ లాగుతుంది, 16 ఆంప్స్ పెద్ద ప్లగ్గు ఉండాలి.

వేసవిలో క్రీమ్ నిలబడటం లేదక్కా, పూసేలోపే కారిపోతోంది. బటర్ కూడా నూనెలా అయిపోతుంది. – కొత్తపట్నం

ఎండాకాలం మన దగ్గర 40 దాటుతుంటే క్రీమును అని ఏం లాభం, మనుషులే కారిపోతున్నారు.

బటర్, చక్కెర కలిపి కొట్టే కేకులో గాలి పట్టుకునేది బటరే. అది 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటేనే పట్టుకుంటుంది, వేలితో నొక్కితే గుంట పడాలి కానీ మెరవకూడదు. వీడియోలో "గది ఉష్ణోగ్రతలో గంట పెట్టండి" అంటారు. ఆ గది ఏ చలిదేశంలోదో, మేలో మీ వంటింట్లో గంట పెడితే దీపంలో పోసుకోవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలు కోసి ఐదు పది నిమిషాలు చాలు. అదికూడా కుదరని రోజుల్లో నూనె కేకు చేసుకోండి, పై కొలత ఉండనే ఉంది. నూనె కేకు మర్నాటికీ మెత్తగానే ఉంటుంది కూడా. వేరుశెనగ నూనె మాత్రం వద్దు, కేకు పకోడీ వాసన వస్తుంది. బ్రెడ్డు మీద పూసుకునే ఉప్పు బటర్ వాడితే విడిగా ఉప్పు వేయకండి.

క్రీమ్ సంగతి. ముందు పాకెట్ వెనక చదవండి. 25 శాతం కొవ్వు అని ఉన్న ఫ్రెష్ క్రీమ్ కూరల్లోకి, ఎంత కొట్టినా నిలబడదు. కనీసం 30, బాగా నిలవాలంటే 35 శాతం ఉండాలి. లేదంటే బేకరీ సామాన్ల కొట్లో దొరికే నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ తెచ్చుకోండి, అది నూనెతో చేసినది, రుచిలో పాల క్రీముకు సాటిరాదు గానీ మన ఎండకు కాస్త ఓర్చుకుంటుంది. డీప్ ఫ్రిజ్‌లోంచి కిందికి మార్చి, గడ్డ కరిగీ కరగనట్టు ఉన్నప్పుడే కొట్టాలి. గిన్నె, బీటరు పుల్లలు కూడా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నె కింద ఐసుముక్కల పళ్లెం. కేకు పూర్తిగా చల్లారిందా లేదా చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉన్నా క్రీమ్ జారుతుంది. రాత్రి పదిన్నర తర్వాత పూయండి, నేనైతే అంతే చేస్తాను.

అమ్మాయ్, మా ఇంట్లో గుడ్డు రానివ్వం. మనవడు కేకు కావాలని ఒకటే గోల. కండెన్స్‌డ్ మిల్కు డబ్బాలు అవీ లేకుండా, ఇంట్లో ఉండేవాటితో చెప్పు. – ఆత్మకూరు నుంచి ఓ పెద్దావిడ

పెద్దమ్మా, పెరుగు ఉంటే చాలు. 240 గ్రాముల చిక్కటి పెరుగు, మరీ పుల్లనిది వద్దు. అందులో 150 గ్రాముల చక్కెర వేసి కరిగేదాకా కలిపి, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను సోడా వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. బుడగలతో పొంగుతుంది, ఇక్కడ సోడాకు పెరుగు పులుపు దొరికింది కాబట్టి పని ఉంది. తర్వాత 120 మి.లీ. నూనె, టీస్పూను వెనిలా, ఆపైన 190 గ్రాముల మైదా జల్లించి మూడు విడతలుగా. 7 అంగుళాల టిన్ను, 175 దగ్గర 40 నిమిషాలు. వెనిలా నచ్చకపోతే నాలుగు యాలకులు దంచి వేయండి, మనవడి కంటే ముందు మీరే ఇష్టపడతారు. కలిపిన పిండి పక్కన పెట్టి దేవుడి గదిలోకి వెళ్లిపోకండి, గ్యాస్ అంతా పోతుంది. దీపం అదీ ముందే పెట్టుకుని కూర్చోండి.

క్రిస్మస్‌కు ప్లమ్ కేకు చేస్తే ఎండు పళ్లన్నీ అడుక్కి చేరాయి. రమ్ము వాడం, దానికి బదులేమిటి? – సింగరాయకొండ

పిండి పలచనైతే పళ్లు మునుగుతాయి. పళ్లకు మైదా పట్టిస్తే మునగవంటారు, కొంచెం సాయపడుతుంది గానీ అసలు మందు చిక్కటి పిండే. గరిటెతో ఎత్తితే ధారగా కారకూడదు, ముద్దగా జారి పడాలి. పళ్లు చిన్నగా తరగండి, ద్రాక్ష సైజు దాటకూడదు. పావు భాగం పళ్లు పిండి పోశాక పైన చల్లండి, అవి మునిగేసరికి కేకు గట్టిపడుతుంది.

రమ్ము బదులు బత్తాయి రసమో, నల్ల ద్రాక్ష రసమో. కాకపోతే రమ్ములో నెలల తరబడి నిలవున్నట్టు రసంలో ఉండవు, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే, అంతకు మించితే పులుస్తాయి. తొందరుంటే రసాన్ని పళ్లతో కలిపి సన్నటి మంట మీద పది నిమిషాలు మరిగించి చల్లార్చితే ఆ పూటే చేసుకోవచ్చు. ఆ ముదురు రంగు, కాస్త చేదు రుచి వచ్చేది మాడ్చిన చక్కెర నుంచి. 100 గ్రాముల చక్కెర మందమైన గిన్నెలో నీళ్లు పోయకుండా కరిగించి, ముదురు తేనె రంగు దాటి ఎరుపు నలుపు మధ్యకు రాగానే పొయ్యి ఆపి, దూరంగా నిలబడి, 100 మి.లీ. వేడి నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. చల్లటి నీళ్లు పోశారంటే చిమ్ముతుంది, నా ముంజేతి మీద ఇంకా మచ్చ ఉంది. పిల్లల్ని వంటింట్లోంచి పంపేసి చేయండి.

రాగి పిండి, బెల్లంతో చేస్తే పొడిపొడిగా రాలిపోతోంది. మా పాపకు మైదా పెట్టడం ఇష్టం లేదు. – మార్కాపురం

రాగిలో మైదాలో ఉండే జిగురు లేదు, పట్టి ఉంచేది ఏమీ లేదు కాబట్టి రాలుతుంది. సగం రాగి, సగం గోధుమ పిండి వేయండి. రాగిని ముందే పెరుగులోనో పాలల్లోనో అరగంట నాననిస్తే నోట్లో ఇసుకలా తగలదు. బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి వడగట్టి చల్లార్చి పోయండి, అందులో ఎంత మట్టి ఉంటుందో వడగడితేనే తెలుస్తుంది. బెల్లం తొందరగా మాడుతుంది, వేడి 165 దాటనివ్వకండి. అరటిపండు బాగా మగ్గింది ఒకటి చిదిమి వేస్తే తేమ నిలుస్తుంది. ఇంత చేసినా బేకరీ స్పాంజిలా రాదు, వస్తుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. దాని రుచి వేరు, కొంచెం బరువుగానే బాగుంటుంది.

నా కేకులు బాగున్నాయని అందరూ అంటున్నారు. ఇంటి నుంచే అమ్మొచ్చా? రేటు ఎట్టా పెట్టాలి? – టంగుటూరు

అమ్మొచ్చు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రేటు సంగతి, సరుకు ఖర్చు రెట్టింపు చేసి చెప్పేస్తుంటారు చాలామంది. అట్టా కాదు. గుడ్ల నుంచి అట్టపెట్టె దాకా, గ్యాసో కరెంటో, పాడైన కేకుల ఖర్చు, రాత్రి పన్నెండు దాకా నువ్వు నిలబడిన గంటలు, అన్నీ రాసుకో. నేను మొదట్లో బంధువులకని సరుకు ఖర్చుకే ఇచ్చాను, ఆ రేటు ఊరంతా తెలిసిపోయి తర్వాత పెంచితే మొహం మాడ్చారు. ఒకసారి ఒక కొట్టాయన అరడజను కేకులు అరువు మీద తీసుకుని డబ్బు రేపు మాపు అంటూ రెండేళ్లు తిప్పాడు. కేకు అరువు పెట్టకు. ఇంకో మాట, గుడ్డు లేనిదని చెప్పి అమ్మేటప్పుడు గిన్నెలు, బీటరు కూడా విడిగా ఉంచు, ఆత్మకూరు పెద్దమ్మ లాంటి వాళ్లు నీ మాట నమ్మి తింటారు.

గరిటె ఏది మంచిది, సిలికానా చెక్కా? ఇంకొకటి, కేకు ఓవెన్‌లో ఉండగా కరెంటు పోతే ఏం చేయాలి? – ఉదయగిరి

చెక్క గరిటెలకు పేరున్న ఉదయగిరిలో కూర్చుని నన్ను గరిటె అడుగుతున్నారా! పిండి కలపడానికి వెడల్పాటి చెక్క గరిటె చక్కగా సరిపోతుంది. కూరలకు వాడింది మాత్రం వద్దు, చెక్క మసాలా వాసన వదలదు. గిన్నె అంచులు తుడిచి తీయడానికి సిలికాన్ది ఒకటి ఉంచుకోండి.

కరెంటు పోతే తలుపు తియ్యకండి. ఓవెన్ లోపలి వేడి పది నిమిషాల దాకా ఫర్వాలేదు, ఆలోపు వస్తే పోయిన సమయం కలుపుకుని కొనసాగించండి. రాదని తెలిసిపోతే గ్యాస్ మీద దబరా వేడి చేసి అందులోకి మార్చండి, పైన ఎంతో కొంత పొర కట్టి ఉంటే కేకు బతుకుతుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఓటీజీ నడవదు, ప్రయత్నించకండి. మొన్న మా ఇంట్లో 20వ నిమిషంలో పోయింది, దబరా వేడెక్కేలోపే మధ్య భాగం దిగబడింది, అయినా కాల్చాను. గుంట పడిన దాన్ని ముక్కలు కోసి, యాలకుల పాలు కాచి చల్లార్చి పైన పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మా పిల్లలు రెండు రోజుల నుంచి "అమ్మా, ఆ గుంట కేకు మళ్లీ చెయ్యి" అంటున్నారు. దానికి సరైన కొలత నా దగ్గర లేదు.